గెడ్డవలస గేటు

గెడ్డవలసలో గేటు లేదు. ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు దాని స్తంభాలు కూడా లేవు, పాత ఇనుము కొనేవాళ్ళు ఎప్పుడో పట్టుకుపోయారు. అయినా ఆ ఊళ్ళో సుభద్రమ్మ ఇల్లెక్కడని అడిగితే ఏ సుభద్రమ్మ అంటారు. గేటు సుభద్రమ్మ అని చూడండి, చంటిపిల్లలు కూడా చెయ్యి చూపిస్తారు.

ముందు లైను సంగతి చెప్పాలి. జంక్షన్ నుంచి కొండ కింద పెదకొండపేట దాకా ఇరవై రెండు కిలోమీటర్ల చిన్న లైను అది. రోజూ పొద్దున ఒక బండి పోయేది, సాయంత్రం అదే తిరిగొచ్చేది. జనం కొండబండి అనేవారు. చింతపండు బుట్టలు, పసుపు, గోగునార కట్టలు, సంతకెళ్ళే ఆడవాళ్ళు, అదీ దాని బరువు. తర్వాత ఆటోలొచ్చాయి, బస్సులొచ్చాయి, బండి ఖాళీ అయిపోయింది. ఒకరోజు స్టేషన్లో కాగితం అంటించారు, రేపటి నుంచి బండి లేదని. అంతే! పదిహేనేళ్ళయింది. పట్టాలు పీకి లారీలకెత్తారు. కట్ట మీద తుమ్మలు మొలిచాయి. గెడ్డ మీది వంతెన మేకలకి పడకయింది. స్టేషను గదిలో ఎవరో ఊక బస్తాలు వేసుకున్నారు. మిగిలింది ఒక్కటే, గెడ్డవలస దగ్గర రోడ్డు దాటే చోట తారులో కూరుకుపోయిన పట్టాల జత. రోడ్డు తవ్వితే తప్ప రావు కాబట్టి వాటి జోలికెవరూ పోలేదు.

అక్కడికొచ్చేసరికి ఎంతటి బండైనా నెమ్మదించాల్సిందే, లేకపోతే నడుం విరుగుతుంది. ఊరంతా ఆ గతుకుని తిట్టుకునేది. సుభద్రమ్మకి మాత్రం లోకంలో అదొక్కటే కావాలి.

ఎందుకంటే గురువారం గురువారం తొమ్మిదిన్నర బస్సులో ఆమె చెల్లెలు సూర్యకాంతం నరసన్నపేట వెళ్తుంది. సూర్యకాంతాన్ని ఇచ్చింది గేటుకి అవతల రెండు కిలోమీటర్లలో ఉన్న అప్పన్నవలసకే. అక్కచెల్లెళ్ళ మధ్య మాటలు పోయి పదహారేళ్ళయింది. సుభద్రమ్మ కప్పు లేని పాత గేటుగది అరుగు మీద తొమ్మిదికల్లా వచ్చి కూర్చుంటుంది. బస్సు గతుకు దగ్గర ఆగినంత పని చేస్తుంది. కిటికీలో చెల్లెలి మొహం కనిపిస్తుంది. జుట్టు నెరిసింది, ఈ మధ్య కళ్ళజోడొచ్చింది. పది లెక్కపెట్టేంతసేపు, అంతే. సూర్యకాంతం ఒక్కసారి కూడా తల తిప్పి చూడలేదు. కానీ అవతలి వైపు సీట్లు ఖాళీగా ఉన్నా ఇవతలి కిటికీ దగ్గరే కూర్చుంటుంది. ఆ ఒక్క ముక్క పట్టుకుని సుభద్రమ్మ వారమంతా బతికేస్తుంది. లైను పోయాక జంక్షన్లో మిగతా సర్వీసు చేసి రిటైరయ్యాక, విశాఖపట్నం వచ్చి తన దగ్గరుండమని కూతురు యమున ఎంత బతిమాలినా కదలకపోవడానికి కారణం ఇదే. లేని గేటుకి కాపలా కాస్తోందని ఊళ్ళో నవ్వుకుంటారు. నవ్వుకోనీ, వాళ్ళ నోళ్ళు వాళ్ళిష్టం.

సుభద్రమ్మ భర్త నరసింగరావు ఆ లైన్లోనే పట్టాలు చూసుకునే గ్యాంగ్‌మన్. జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. చంకలో ఏడాది పిల్లతో ముప్పై ఏళ్ళ సుభద్రమ్మకి గేటు ఉద్యోగమిచ్చారు. స్టేషను నుంచి ఫోనొస్తే గేటు వేసి, తాళం వేసి, పడిందని తిరిగి చెప్పాలి. అటు నుంచి ఒక నంబరు చెబితే పుస్తకంలో రాసుకోవాలి. ఆ నంబరు రాశాక బండి దాటేదాకా తాళం తిప్పకూడదు. కలెక్టరొచ్చినా సరే. పదిహేడేళ్ళు ఆమె మీద ఒక్క మాట రాలేదు.

పదహారేళ్ళ కిందట శ్రావణ మాసంలో ఒక పొద్దున ఫోనొచ్చింది. గేటు వేసింది, నంబరు రాసింది. అయిదు నిమిషాలకి అప్పన్నవలస వైపు నుంచి జీపొకటి వచ్చి ఆగింది. అందులో చెల్లెలి మొగుడు భీమశంకరరావు, గుండెనొప్పితో చెమటలు కారిపోతూ. అతని తల సూర్యకాంతం ఒళ్ళో ఉంది.

బండి రాలేదు. మెట్ట ఎక్కలేక ఇంజను ఎక్కడో మొరాయించింది. సుభద్రమ్మ స్టేషనుకి మూడుసార్లు ఫోన్ చేసింది. బండి బయల్దేరింది, తియ్యొద్దు అనే మూడుసార్లూ జవాబు. ఆమె తాళంచెవి చేత్తో పట్టుకుని గేటు పక్కన నిలబడింది. అక్కడ లైను తిన్నగా ఉంటుంది, రెండు వైపులా కనుచూపు మేర పురుగు లేదు. ఒక్క నిమిషం తీస్తే జీపు దాటిపోయేది. ముప్పై అయిదు నిమిషాలు తియ్యలేదు. చివరికి బండొచ్చింది. అందులో ఉన్నది తొమ్మిది మంది. భీమశంకరరావు నరసన్నపేట ఆసుపత్రి చేరకుండానే పోయాడు.

రూలు కదా, ఆవిడ మాత్రం ఏం చేస్తుంది అని చాలామంది అన్నారు. పైఅధికారి వచ్చి భేష్ అన్నాడు. ఏడాది తిరక్కుండా లైనే ఎత్తేశారు! మనిషి ప్రాణం కంటే గొప్పదనుకున్న లైను ఊక బస్తాల పాలైంది. ఇంతకంటే పాపిష్టి మాట ఇంకేముంటుంది?

కానీ సుభద్రమ్మ కడుపులో ఇంకొకటుంది. ఆ రోజు ఆమె చెయ్యి పట్టుకున్నది రూలు కాదు, భయం. ఉద్యోగం పోతే యమున చదువేమిటి, తమ గతేమిటి అన్న భయం. ఊరందరికీ రూలనే చెప్పింది. చెల్లెలికి మాత్రం నిజం చెప్పాలని పదకొండో రోజున వెళ్ళింది. సూర్యకాంతం లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ తలుపు మళ్ళీ తట్టే ధైర్యం ఈమెకి లేకపోయింది.

ఇలా ఉండగా రోడ్డు వెడల్పు చేసే పని మొదలైంది. పని చూసే త్రినాథ్ దగ్గరికి సుభద్రమ్మ వెళ్ళి, ఆ పట్టాలు అలా వదిలెయ్యమని అడిగింది. అతను నవ్వాడు.

"ఊరు ఊరంతా ఇయి తియ్యమని అర్జీలెడితే, నువ్వొక్కర్తివి ఉంచమంటన్నావేటి మామ్మా?"

ఎందుకో ఆమె ఏం చెబుతుంది? బస్సు నెమ్మదించకపోతే చెల్లెలి మొహం కనబడదని చెప్పుకుంటుందా? ఇంటికొచ్చేసింది.

పట్టాలు తీసింది గురువారం నాడే. పొద్దున్నుంచి జేసీబీ గుంజుతోంది. ఒకటి వచ్చింది, రెండోది మొండికేసింది. తొమ్మిదిన్నర బస్సు వచ్చి, సరిగ్గా జీపు ఆగిన చోట ఆగిపోయింది. డ్రైవరు రాంబాబు ఇంజను ఆపి బీడీ ముట్టించాడు. కిటికీలో సూర్యకాంతం ఉంది.

సుభద్రమ్మ అరుగు మీద పది లెక్కపెట్టింది. ఇరవై అయింది, వంద అయింది, చెల్లెలు అక్కడే ఉంది. వీళ్ళు ఈ పట్టా కూడా పీకేస్తే ఇంక ఈ మొహం కూడా లేదు అనుకుంది. లేచింది. బస్సు రేకు పట్టుకుని కిటికీ కింద నిలబడింది.

"సూర్యం, ఆ దినం రూలు కాదే. ఉజ్జోగం పోతాదని బయపడ్డాను. తాళం నా సేతిలోనే ఉన్నాది."

సూర్యకాంతం ముందుకే చూస్తోంది. "సూసినాను" అంది.

సూర్యకాంతం కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"నాను తియ్యమని అడగనేదు అప్పా. నీకు గేపకముందా? ఆయన తల ఒళ్ళో ఎట్టుకుని కూకున్నాను గానీ, ఒక్కపాలి నోరిప్పనేదు. నీ ఉజ్జోగం పోతాదని నానూ అనుకున్నాను."

ఆ ముప్పై అయిదు నిమిషాలూ సుభద్రమ్మ ఎన్ని వేలసార్లు తలుచుకుందో లెక్క లేదు. జీపు రంగు గుర్తుంది, డ్రైవరు తిట్టిన తిట్లు గుర్తున్నాయి. చెల్లెలు ఏమీ అడగలేదన్న సంగతి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

"అడిగితే తీద్దువా?" అంది సూర్యకాంతం.

తీసేదాన్నే తల్లీ అందామని నోటిదాకా వచ్చింది. కానీ నిజం చెప్పడానికే కదా లేచి వచ్చింది.

"తెల్దే" అంది సుభద్రమ్మ.

సూర్యకాంతం తల ఊపింది. "తీద్దునంటే, అడక్క నానే సంపుకున్నట్టు. తియ్యనంటే నువ్వు సంపినట్టు. ఏది ఇన్నా బతకనేనని నీ మొకం సూడనేదు."

కిటికీ అంచు మీద ఉన్న అక్క చేతి మీద చెయ్యి వేసింది. చెల్లెలి చెయ్యి ఎండకి వేడిగా ఉంది, గరుగ్గా ఉంది, అచ్చం వాళ్ళమ్మ చెయ్యిలాగే ఉంది.

అంతలో రెండో పట్టా ఊడి వచ్చింది. గోతిలో రాళ్ళపొడి పోసి రోలరు తిప్పారు. త్రినాథ్ చెయ్యి ఊపాడు, రాంబాబు బీడీ పారేసి ఇంజను వేశాడు. సుభద్రమ్మ చెయ్యి తీసుకుని వెనక్కి జరిగింది.

సూర్యకాంతం తల తిప్పింది, కిటికీలోంచి సగం బయటికి వంగి అక్కనే చూసింది. కానీ బస్సు నెమ్మదించడానికి అక్కడ ఇంక ఏమీ లేదు. సుభద్రమ్మ అయిదు కూడా లెక్కపెట్టకముందే మలుపు తిరిగిపోయింది.