రోగి మొగం చూడని డాక్టరు

పొద్దున్నే మా అన్న కూతురు కోలారు నుంచి ఫోన్ చేసింది. వాళ్ళ ఆసుపత్రి ల్యాబుకు కొత్త మిషను వచ్చిందంట, క్రిమిని పెడితే నిమిషాల్లో పేరు చెప్పేస్తాదంట. నేనింకా సంతోషపడేలోగానే బైరకూరు నుంచి మా అన్న ఫోను. "మిషనే పేరు చెప్తే ఇంగ మన పాపకు పనేముంటాది చెల్లీ?" అని దిగులు. నాకు నవ్వాగలేదు. పాప డాక్టరు చదివి, పైన మైక్రోబయాలజీ తీసుకుంటే మొగం మాడ్చుకున్నది ఈ మహానుభావుడే కదా! "రోగి మొగం చూడని డాక్టరు యాడన్నా ఉంటారామ్మా?" అని కేజీఎఫ్‌లో మా ఇంటికొచ్చి మరీ, నా కాఫీ తాగుతా గొణిగినాడు.

పోయినేడు ఆయనకు జ్వరం పట్టుకుంది. సాయంత్రమైతే ఒళ్ళు కాగేది, తెల్లారేసరికి దుప్పటి చెమటతో తడిసిపోయేది, నడుము పట్టేసి పాలక్యాను ఎత్తలేకపోయినాడు. టైఫాయిడ్ అన్నారు, టీబీ ఏమో అన్నారు. మనిషి కొక్కేనికి తగిలించిన చొక్కా మాదిరి అయిపోయినాడు. ఇంగ దక్కడేమోనని నేను చాటున ఏడ్చినాను. చివరికి పాప పనిచేసే ఆసుపత్రిలోనే చేర్పిస్తే, ల్యాబులో పెట్టిన రక్తం సీసాలో ఏ క్రిమీ పెరగలేదు. ల్యాబోళ్ళు ఇంగ పారేద్దామంటే పాప "ఉండనీండి" అని చెప్పి, తెల్లకోటుతోనే మెట్లు దిగి వార్డుకొచ్చింది. నాడి కూడా చూడలేదు. "నాయనా, దొడ్లో ఏమన్నా జరిగిందా?" అనింది.

మా అన్న తల దించుకున్నాడు. దొడ్లో నష్టం బయట చెప్తే మిగతా ఆవులకు దిష్టి తగులుతాదని మా ఇండ్లల్లో నోరు మెదపరు. "చెప్పన్నా, ప్రాణం కన్నా ఎక్కువనా?" అని కసిరినాను. అప్పుడు బయటపడింది. ఎర్రావు నెలలు నిండకనే చచ్చిన దూడను వేసిందంట, మాయ పడకపోతే ఈయనే ఒట్టి చేతుల్తో లాగినాడంట. పాప గట్టిగా ఊపిరి వదిలింది. "జబ్బు ఆవు నుంచే వచ్చినట్టుండాది నాయనా. దీనికి మందుండాది." ఇంకో పరీక్ష పెట్టించింది, ఆ సీసానూ ఇంకొన్నాళ్ళు ఉంచింది. రెండూ పాప మాటే నిజమన్నాయి. వారాల తరబడి మాత్రలు మింగి మా అన్న మళ్ళీ పాలక్యాను ఎత్తినాడు. అబ్బా, నా గుండెల మీది బండ ఎవరో దించినట్టయింది.

"ఆ దిగులేందో పాపనే అడగరాదా?" అన్నాను ఫోన్లో. అడిగేసినాడంట. "మిషను పేరు చెప్తాది నాయనా, దూడ సంగతి అడగదు కదా" అనిందంట పాప. ఆ మాట నాకు రెండుసార్లు చెప్పినాడు మా అన్న. ఇప్పుడు దొడ్లో ఏ ఆవు మేత మానినా, దిష్టీ గిష్టీ అనకుండా పశువుల డాక్టరును పిలిచి, పాపకూ చెప్తాడు. రాబోయే కాలంలో మిషన్లు ఎంత తొందరపడతాయో ఏమో, మా అన్నకు మాత్రం పాప ఆ సీసాను పారేయకుండా ఇంకొన్నాళ్ళు ఉంచి, దూడ సంగతి అడగడం వల్లనే ఆయుస్సు మిగిలింది.