మా ఎకరం మీద చెరువు

ఎనభైల్లో మా నాన్నకు అడవులదీవి దగ్గర ప్రభుత్వం ఎకరం పొలం ఇచ్చింది. అప్పటిదాకా ఆయన ఒక ఆసామి చేలల్లో కూలి. పట్టా కాగితాన్ని బైబిల్లో పెట్టుకుని ఆదివారం ఆరాధనకు కూడా తీసుకెళ్ళేవాడు. వానను నమ్ముకుని వరి వేస్తే తిండిగింజలు వచ్చేవి. మేము రైతులమైపోయామని అమ్మ అనుకుంది. నేనూ అనుకున్నాను.

తొంభైల మొదట్లో చుట్టుపక్కల రొయ్యల చెరువులు మొదలయ్యాయి. ఒక సాయంత్రం ఆ ఆసామి మా ఇంటికి వచ్చాడు. మా గుమ్మం ముందు ఆయన నిలబడటం అదే మొదటిసారి. ఎప్పుడూ "ఏరా" అనే మనిషి ఆ రోజు "ఏమయ్యా" అన్నాడు.

"నీ చుట్టూ అన్నీ చెరువులే అవుతున్నాయి. ఉప్పునీళ్ళు ఊరి నీ వరి ఎలాగూ పోద్ది. మూడేళ్ళు కౌలుకియ్యి. నీకు కాపలా పని కూడా ఇస్తా."

"సర్కారు ఇచ్చిన పొలం ఇంకొకళ్ళకి ఇవ్వకూడదన్నారండి," అన్నాడు నాన్న.

"అమ్మకూడదు. కౌలుకిస్తే ఎవరేమంటారు?"

నాన్న నా వైపు చూశాడు. నేను అప్పుడు బాపట్లలో టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే. "నీ ఇష్టం నాన్నా," అన్నాను.

తర్వాత సెలవులకు వచ్చినప్పుడు నాన్నకు క్యారేజీ పట్టుకుని పొలానికి వెళ్ళాను. గట్లు మా ఇంటి చూరంత ఎత్తు లేచాయి. నాన్న కర్ర పట్టుకుని ఎదురొచ్చాడు.

"అక్కడే ఆగమ్మా. బయటివాళ్ళని రానీయొద్దన్నారు."

"నేను బయటిదాన్నా? మన పొలమే కదా?"

"మనదే. చెరువు వాళ్ళది." కర్రతో నీళ్ళ వైపు చూపించి, "పొలం కిందుంది గదా," అన్నాడు.

వేళాకోళమేమోనని మొహంలోకి చూశాను. కాదు. గట్టుకు ఇవతలే కూర్చుని అన్నం తిన్నాడు. ఆ కాపలా జీతంతోనే నా చదువు నడుస్తోంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

మూడో ఏడు రొయ్యకు రోగం వచ్చింది. ఆసామి గట్టు మీద కూలబడి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. "మునిగిపోయానయ్యా. నీ పొలం నువ్వు తీసుకో," అని ఏడ్చాడు. నాన్నా ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమే. నెల తిరక్కముందే ఆయన తెనాలిలో తన కొత్త మేడ కింద సిమెంటు కొట్టు తెరవడమూ నిజమే. ఆ రెండూ ఒకే మనిషివంటే ఇప్పటికీ నాకు పొంతన కుదరదు.

నాన్న గట్లు కొట్టేసి, నేల చదును చేసి విత్తనాలు చల్లాడు. మొలకలు వచ్చినట్టే వచ్చి ఎర్రబడి చచ్చిపోయాయి. మట్టి నాలుక మీద పెట్టుకుంటే ఉప్పు. మరుసటి ఏడూ అంతే. అమ్మా నాన్నా మళ్ళీ కూలికి బయల్దేరారు, ఈసారి పెనుమూడి వైపు.

ఆ రోజుల్లోనే, కూలీల పిల్లలకు ముందు చోటిచ్చే సర్కారు హాస్టల్లో మా చెల్లికి సీటు కోసం రేపల్లెలో దరఖాస్తు ఇచ్చాను. తండ్రి వృత్తి అన్నచోట ఏమీ రాయలేదు.

"ఇదేంటమ్మా ఖాళీగా వదిలేశావ్? మీ నాన్న కూలీయా, రైతా?" అన్నాడు గుమాస్తా.

"ఎకరం ఉందండి. కానీ కూలికెళ్తాడు."

"సొంత పొలం పెట్టుకుని కూలికెందుకు?"

"పండదండి."

"పండకపోయినా మీదేగా?"

అవునండి అన్నాను. 'రైతు' అని రాసుకున్నాడు. చెల్లికి సీటు రాలేదు. ఆ మాట వల్లే రాలేదో, సీట్లే లేవో ఎవరూ చెప్పలేదు.

నాన్నకు ఈ సంగతి చెబితే, "రైతనే రాశాడా?" అని రెండుసార్లు అడిగాడు. సంతోషంతో అడిగాడో, బాధతో అడిగాడో నాకు అర్థం కాలేదు.