ఇద్దరు చేసిన గాలి పిస్తోలు

చనిపోయిన రోజు ఉదయం ఆయన చేసిన చివరి పని షాపు తలుపు బందులకు నూనె వేయడం. నెలాఖరుకు మూతపడబోయే షాపు అది. మూసేద్దామన్నది కూతురే. సరేనన్నాడు కానీ, కిర్రుమనే తలుపును అలా వదిలేయడం ఆయన వల్ల కాలేదు. నూనెడబ్బా గూట్లో పెట్టి, చేతులు తుడుచుకుని, బల్ల మీద తల వాల్చాడు. పక్క షాపు దర్జీ టీ తెచ్చి లేపబోయేసరికి అంతా అయిపోయింది.

తాళాలు, కుట్టుమిషన్లు, చేతిపంపులు, ఏది తెచ్చినా బాగుచేసే చేయి తిరిగిన పనివాడు. కాకపోతే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. భార్య పోయాక ఆ మొండితనాన్ని భరించే వంతు కూతురికొచ్చింది. రెండు వీధుల అవతల కాపురం ఉంటూ సాయంత్రాలు వచ్చిపోయేది. పాత వస్తువుల ప్రదర్శనశాలలో, ఒక్కో వస్తువు కిందా పెట్టే చీటీ రాయడం ఆమె ఉద్యోగం.

ఒకసారి అక్కడికి గాలి పిస్తోలు ఒకటి వచ్చింది. ఎవరో ఇంట్లో చేసుకున్నది. పేరు లేదు, ముద్ర లేదు, ఏ కాలానిదో తెలియదు. పైఅధికారిని అడిగి దాన్ని తండ్రి దగ్గరికి తెచ్చింది. నిజానికి ఆమె పరీక్ష పెట్టింది పిస్తోలుకు కాదు. కొన్నాళ్ళుగా ఆయన ఒకరి తాళం ఇంకొకరికి ఇచ్చేస్తున్నాడు. మతి తప్పుతోందేమోనని ఆమె భయం. ఈ పని సవ్యంగా తేల్చితే షాపు ఉండాలి, లేకపోతే మూయించాలి అనుకుంది. ఆ సంగతి ఆయన పసిగట్టకుండా ఉంటాడా?

దర్జీ గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఏం బావా, ఈ వయసులో పిస్తోలు పట్టావు, ఎవరి మీదకి?"

"నీ మీదకే. కానీ ఇది పేలితే పిచ్చుక కూడా నవ్విపోతుంది బావా."

మూడు రోజులు దాన్ని ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు. గొట్టంలోంచి దూది లాగితే, దాని పోగులు ఒకే గీత వెంట పట్టుకున్నాయి. రేకును చుట్టి అతికిన గొట్టమిది, అతుకు లేనివి బజార్లో దొరకని రోజులది అన్నాడు. మరమేకుల చుట్లను గోటితో గీరి, ఒకచోట ఎడంగా ఒకచోట దగ్గరగా ఉన్నాయి కాబట్టి చేత్తో కోసినవే అన్నాడు. గాలిని తోసే పిస్టన్ చివరి తోలుబిళ్ళను వాసన చూసి, దీన్ని మాత్రం తర్వాతెవరో మార్చారన్నాడు. మొత్తానికి నూరేళ్ళకు తక్కువ ఉండదని తేల్చాడు. అక్కడిదాకా బాగానే ఉంది. చివర్లో కుండ బద్దలు కొట్టినట్టు ఇంకో మాటన్నాడు.

"దీన్ని ఇద్దరు చేశారమ్మా. ఒకడు ఎడమచేతివాడు."

పైనుంచి చూస్తే అంతా ఒకే నునుపు. ఆమె భూతద్దం ఆయన ముందుకు జరిపింది. "ఒక్కసారి చూసి చెప్పు నాన్నా."

ఆయన దాన్ని పక్కకు నెట్టాడు. "చూసేదేముంది? పిడి విప్పి లోపల తడిమితే తెలుస్తుంది."

"చూడకుండా చెప్తే చీటీలో ఏం రాయను? మా నాన్నకి అలా అనిపించింది అని రాయనా?"

ఆ సాయంత్రమే ఆమె షాపు మూసేసే మాట ఎత్తింది. నీ ఇష్టం తల్లీ అని, పిస్తోలు ఆమె చేతిలో పెట్టాడు. చీటీలో ఆమె "ఒకరి పని" అని రాసింది.

ఆయన పోయిన మూడు వారాలకు, ఎందుకో ఉండబట్టలేక, ప్రదర్శనశాలలో కూర్చుని ఆ పిడి విప్పింది. ట్రిగ్గరుకు అటూ ఇటూ రెండు ఇనపరేకులున్నాయి. ఒకదాని మీద ఆకురాయి గీతలు కుడికి వాలి ఉన్నాయి. రెండోదాని మీద అన్నీ ఎడమకే. పాత చీటీ చింపి, "ఇద్దరి పని" అని కొత్తది రాసింది.

షాపు ఖాళీ చేయడానికి వెళ్ళినప్పుడు దర్జీ సాయం పట్టాడు. ఆమె సంగతంతా చెప్పి, "ఆ అద్దంతో ఒక్కసారి చూసుంటే నేనూ నమ్మేదాన్ని కదా మావయ్యా. అంత మొండితనం దేనికి?" అంది.

దర్జీ చేతిలోని సామాను కింద పెట్టాడు.

"మొండితనం కాదమ్మా. మీ నాన్నని కంటి ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. నరాలు ఎండిపోయాయన్నారు. నీకు తెలిస్తే షాపు మూయిస్తావని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నిన్ను చెప్పుల చప్పుడుతో గుర్తుపట్టేవాడు. నిరుడు చలికాలం నుంచీ ఆయనకి నీ మొహం కనిపించలేదు."