సమ్మక్క బండి ఛాసిస్

2023 వేసవి. సత్తుపల్లిలో నాది చిన్న వెల్డింగ్ షెడ్డు. బొగ్గు టిప్పర్లు, వరికోత మిషన్లు, రైతుల ట్రాలీలు వస్తుంటాయి. ఆ ఎండల్లో భద్రాచలం అవతలి అడవి పల్లె నుంచి ఒక పాత డీజిల్ పికప్‌ను ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. యజమాని సమ్మక్కకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాక బండి వానకు నానుతూ, ఎండకు ఎండుతూ ఇంటి ముందే నిలిచిపోయిందట. దాన్ని మళ్లీ నడిపి, ఊరివాళ్ల కూరగాయలు, ఇప్పపువ్వు సంతకు చేర్చాలని ఆమె ఆలోచన.

చుట్టూ తిరిగి చూసి, పాత ఇనుముకు అమ్మేయమన్నాను. ఒక్కసారి విప్పి చూడమని పట్టుబట్టింది.

విప్పాం. క్యాబిన్, ఇంజను, వెనక తొట్టి దింపేస్తే మిగిలేది ఛాసిస్. బండి బరువంతా మోసే రెండు పొడవాటి ఇనుప దూలాలు. తుప్పు గీకి, ఈ చివర నుంచి ఆ చివరకు నూలుదారం లాగి కట్టాను. క్యాబిన్ దాటాక దూలాలు కిందికి వంగి ఉన్నాయి. యాక్సిడెంటయితే ఒక పక్కే వంకర పోతుంది. ఇది రెండు పక్కలా సమానంగా వంగింది. అంటే ఎప్పుడో తన శక్తికి మించి మోసింది.

సమ్మక్క పని చూడటానికి వచ్చినప్పుడు అడిగాను. "ఏం లోడేసిన్రు అక్కా దీంట్ల?"

"మా ఊరిని," అంది.

ఒక వానకాలం గోదావరి వరద వాగులోకి ఎగదన్ని, తెల్లారేసరికి నీళ్లు వాళ్ల గూడెం చుట్టూ చేరాయట. ఉన్న బండి ఇదొక్కటే. భర్త జ్వరంతో లేవలేకపోయాడు. అప్పటిదాకా చేలో తప్ప రోడ్డు మీద నడపని సమ్మక్క స్టీరింగు ముందు కూర్చుంది. రెండోసారి వచ్చేసరికి దారి ఉండదని అందరూ ఒకేసారి ఎక్కారు.

"ఎత్తు ఎక్కేకాడ ముందు చక్రాలు లేస్తున్నయ్. స్టీరింగు తిప్పుతున్న గానీ బండి తిరుగుతలేదు."

బరువంతా వెనకే పడితే అంతే. ఏం చేసిందని అడిగాను.

"ముసలోళ్లను బానెట్ మీద కూసోబెట్టిన. ముందట బరువు పడ్డది గానీ నాకు దారి కనబడలె. మా అత్త బానెట్ మీద నుంచే చెయ్యి చాపి చూపెట్టింది. ఆమె చెయ్యి ఎటుంటే అటు తిప్పిన."

"అందరు ఒడ్డుకు చేరిన్రా?"

"అవ్. అందరు."

నా చెయ్యి ఆ వంపు మీదే ఉండిపోయింది.

ఆ వంపు తీసి తిన్నగా చేయడం అంత తేలిక కాదు. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి, జాకీలతో కొంచెం కొంచెంగా ఎత్తాలి. పాత ఇనుము, పగిలితే ఇక బండి లేనట్టే. జాకీ తిప్పిన ప్రతిసారీ చెవి పెట్టి విన్నాను. చిటుక్కుమనలేదు. దారంతో సమానంగా వచ్చాక లోపల పట్టీలు వేసి బలపరిచాను. ముసలోళ్లు కూర్చున్నచోట బానెట్‌కు పడ్డ సొట్టలు ఉంచమంటుందేమో అనుకుని అడిగితే నవ్వింది. "తీసెయ్ అన్నా, వానకు నీళ్లు నిలుస్తయ్."

మెకానిక్ ఇంజను కూడా బాగుచేశాక, సమ్మక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వేంసూరు రోడ్డు మీద నడిపింది. నిదానంగా, గుంతలు తప్పిస్తూ.

అంతకుముందు బండి రాగానే ఎంత పాడైందో చూసేవాణ్ని. ఇప్పుడు గ్రైండర్ పట్టుకునే ముందు, ఏమేం మోసిందని అడుగుతాను. ఇసుక అంటారు, ధాన్యం అంటారు. ఏది చెప్పినా, చెప్పడం పూర్తయ్యేదాకా స్విచ్చి వేయను.