కరెంటు పోతే వచ్చిన నోరు

"మనసులో ఏముందో దాచుకోకుండా చెప్పండి" అని మీ ఓనరు ఎప్పుడైనా అడిగితే, ముందు గదిలో లైటు వెలుగుతోందో లేదో చూసుకోండి. నేను చూసుకోలేదు. మొన్న శనివారం చేతికి వచ్చిన మేనేజరు పోస్టును నా నోటితో నేనే పోగొట్టుకున్నాను. నవ్వకండబ్బా! ముందు టీ తాగండి, చెప్తాను.

నేను ప్రొద్దుటూరులో చీరల షాపులో సూపర్‌వైజర్నని మీకు తెలుసు కదా. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సు. పొద్దున క్యారియర్‌లో కట్టుకుపోయిన అన్నం మధ్యాహ్నానికి చల్లారి గడ్డ కట్టిపోతుంది. అట్లాంటిది, మా సావుకారి జమ్మలమడుగులోనే కొత్త బ్రాంచి తెరుస్తున్నాడు! అదీ మా వీధి చివర. మేనేజరు ఎవరవుతారా అని అందరూ చూస్తుండగా నన్ను పిలిచాడు.

"రమణా, ఫోన్లో ఒగ వీడియో చూసినాలే. పనిచేసేటోళ్ళు నోరు తెరిచి చెప్తేనే వ్యాపారం నిలబడతాదంట. మనోళ్ళు నా ముందర ఒగ మాటన్నా మాట్లాడరే! శనివారం మీటింగ్ పెట్టు. వాళ్ళ చేత మాట్లాడించినావంటే జమ్మలమడుగు నీదే."

ఇంకేముంది! ఆ సాయంత్రమే మా ఆవిడ సుజాతకు చెప్పాను. ఆమె వీధి మొత్తానికి చెప్పింది. మర్నాడు పాలాయన కూడా "మేనేజరు సార్, ఎన్ని లీటర్లు?" అన్నాడు. నాకు ఒళ్ళంతా పులకరింతే!

కానీ ఒక చిక్కుంది. మా షాపులో ఆడవాళ్ళు పొద్దున వచ్చింది మొదలు తాళం వేసేదాకా నిలబడే ఉండాలి. సేల్స్ వాళ్ళు కూర్చుని కనపడితే గిరాకీ రాదని సావుకారి గట్టి నమ్మకం. జనం లేకపోయినా సరే, మడతపెట్టిన చీర విప్పి మళ్ళీ మడతపెట్టాలి. దానికి కాపలా ఎవరు? నేనే. కూర్చోవడానికి స్టూళ్ళు కావాలన్న గొడవ మీటింగ్‌లో లేచిందంటే నా పని గోవిందా.

అందుకని ముందురోజే అందరికీ ఉగ్గాని బజ్జీ తెప్పించి, రిహార్సల్ పెట్టాను. స్కూలు నాటకానికి డైలాగులు పంచినట్టు తలా ఒక ఫిర్యాదు పంచాను. ఒకరు ఫ్యాన్ కిర్రుమంటోందనాలి, ఒకరు నీళ్ళ క్యాన్ తొందరగా అయిపోతోందనాలి. అన్నీ ఆయనకు కోపం రానివే! పట్టుచీరల సెక్షన్‌లో ఎన్నో ఏళ్ళుగా ఉన్న ఓబుళమ్మ బజ్జీ నములుతూ అడిగింది.

"మాకు నొస్తాండేది కాళ్ళన్నా. ఫ్యాన్ సంగతి మాకెందుకు?"

"అమ్మా తల్లీ, ఈ ఒక్కసారికి ఫ్యాన్ అనమ్మా!"

బిల్లింగ్‌లో ఉండే షాహీనా అయితే "నాకేం డైలాగొద్దన్నా, నలుగుర్లో మాట్లాడేది నాతో కాదు" అని బజ్జీ కూడా తీసుకోకుండా వెళ్ళిపోయింది. పోతే పోయింది, ఒక బజ్జీ మిగిలిందని నేనే తినేశాను.

శనివారం వచ్చింది. మీటింగ్ పట్టుచీరల సెక్షన్‌లో. అది సెల్లార్, కిటికీలు లేవు. సావుకారి మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"చెప్పండమ్మా. మీకేం కష్టముండాది? నేనేమనుకోను."

ఎవరూ కిక్కురుమనలేదు! తలలన్నీ కిందికే. నేను కళ్ళతో సైగలు చేశాను, దగ్గాను, ఫ్యాన్ వైపు చెయ్యి చూపించాను. చివరికి ఓబుళమ్మ తలెత్తి, "ఏం లేదప్పా, అంతా బాగుండాది" అని మళ్ళీ దించుకుంది. తిన్న బజ్జీలన్నీ దండగ! సావుకారి నా వైపు ఒక చూపు చూశాడు. జమ్మలమడుగు బ్రాంచి నా కళ్ళ ముందే షట్టర్ దించేసుకుంటోంది.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

సెల్లార్ కదా, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. "రమణా, పైకి పోయి జనరేటర్ వెయ్యి పో" అన్నాడు సావుకారి. తడుముకుంటూ బయల్దేరాను. ఎవరినో గుద్దుకుని "సారీ తల్లీ, కొంచెం జరుగు" అన్నాను. జరగదే! బతిమాలాను. తర్వాత తెలిసింది, అది చీర కట్టిన బొమ్మ. మెట్ల దగ్గరికి చేరుతుంటే ఎవరో నన్ను రాసుకుంటూ గబగబా పైకెళ్ళారు. సావుకారే అయ్యుంటాడు, చీకట్లో ఉక్కపోత తట్టుకోలేకపోయాడు అనుకున్నాను.

అంతలో వెనక గుసగుసలు మొదలయ్యాయి. చూస్తుండగానే గుసగుసలు గొంతులయ్యాయి.

"స్టూళ్ళు అడగల్ల గదా, ఎవురన్నా అడగండి!"

"యాడ అడిగేది? నిమిషం కూసుంటే రమణన్న దగ్గుకుంటా వస్తాడు."

"మడతేసిన చీర మళ్ళా ఇప్పిస్తాడు చూడు, ఆయన్ని నిలబెట్టి ఒగ దినం మడతేయించల్ల!"

నవ్వులు! నేను జనరేటర్ సంగతే మర్చిపోయాను. ఒళ్ళు మండిపోయింది. ఇంత చేస్తే నన్నే అంటారా? సావుకారి ఎలాగూ పైకి పోయాడు. చీకట్లోనే వెనక్కి వచ్చి, ఆ గొంతుల వైపు వేలు చూపిస్తూ అందుకున్నాను.

"ఏంది, నన్నంటాండారా? నాకు మోకాళ్ళు లేవా? నేనేమన్నా కూసుంటాండానా? అంతా ఆ ముసలాయప్ప చేస్తాండే పని! తను మాత్రం మెత్తటి కుర్చీలో గుండ్రంగా తిరుగుతా, కెమెరాలో చూసుకుంటా, 'రమణా, ఆడెవురో కూసున్యారు' అని ఫోన్ కొడతాడు! ఒగ దినం ఆయప్పను ఈడ నిలబెడితే తెలుస్తాది, నిలబడేదంటే ఏందో!"

లైట్లు వెలిగాయి.

నా వేలు సావుకారి ముక్కుకు జానెడు దూరంలో ఉంది. ఆయన కుర్చీలోంచి కదలనే లేదు.

"ఇంకా?" అన్నాడు.

నా నోట్లోంచి ఏమొచ్చిందో తెలుసా? "ఫ్యాన్ కిర్రుమంటాంది సావుకారీ."

సావుకారి నన్ను వదిలేసి ఓబుళమ్మ వైపు తిరిగాడు. "ఇంత కష్టముంటే ఇన్నాళ్ళూ నాకేల చెప్పలేదమ్మా? నేనేమన్నా కొడతానా, తిడతానా?"

"భయం కాదప్పా. మా పాప పెండ్లికి చీర పెట్టినారు మీరు. మీ మొగం చూస్తా 'ఇది బాగలేదు' అని ఎట్లనేది? మొగమాటం గదా. చీకట్లో అయితే మొగం కనపడల్యా, నోరొచ్చింది."

ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తర్వాత మెల్లగా, "సోమవారానికి కౌంటర్‌కొక స్టూలు రావల్ల" అన్నాడు. అందరూ చప్పట్లు! నాకూ నిజంగా సంతోషమేసింది. ఆ ఊపులోనే అడిగేశాను.

"మరి జమ్మలమడుగు సంగతి సావుకారీ? మాట్లాడించినా గదా!"

"మాట్లాడించింది కరెంటోళ్ళు గదప్పా! నిన్ను జనరేటర్ వెయ్యమంటే ఈడ నిలబడి నన్ను తిట్టినావు. మరి పోయి వేసిందెవురు?"

మెట్ల మీద షాహీనా, చేతికంటిన డీజిల్ తుడుచుకుంటూ దిగుతోంది. నన్ను రాసుకుంటూ పైకెళ్ళింది ఆమే! జమ్మలమడుగు మేనేజరు ఎవరో ఇంక చెప్పాలా? పాపం ఆ పిల్లకు అప్పుడు కూడా మాట రాలేదు.

ఇంటికి చేరేసరికి పొద్దుగూకింది. సుజాత నీళ్ళ చెంబుతో ఎదురొచ్చింది. మొహం వెలిగిపోతోంది. ఆ మొహం చూస్తూ ఏమని చెప్పను? మొగమాటమంటే ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది. ఏమీ అనకుండా పోయి లైటు ఆర్పేశాను. గొంతు సవరించుకున్నాను.



"పోస్టు పాయనా?" అంది సుజాత.

"ఊ..."

"పోతే పోనీలే. వీధంతా గొప్పలు చెప్పింది నేనే, ఇప్పుడు కాదని చెప్పనీకి నాకు మొగం చెల్లదు. నువ్వే ఇంటింటికీ పోయి చెప్పేసి రా. బిరబిరా పో, వీధిలైట్లు ఇంకా వెయ్యలేదు!"