పిల్లి దూరని కిటికీలు

అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఒక షాపులో స్కూలు ప్రాజెక్టుల కోసం రెడీమేడ్ అట్ట ఇళ్ళు పెట్టారు. కిటికీలు కొయ్యలేదు, స్టిక్కర్లు అంటించారు. చూడగానే ఒళ్ళు మండింది.

గుర్తుందా, మనమైతే అట్టపెట్టెను నాన్న గడ్డం బ్లేడుతో కోసి, అన్నం మెతుకులతో అంటించేవాళ్ళం! ఆరో తరగతిలో నేను అచ్చం మా ఇల్లే కట్టాను. కిటికీలు కోస్తుంటే చేపలమ్మే మా అమ్మ పక్కనే కూర్చుంది.

"పెద్దగా కొయ్యకే. పిల్లి దూరి సేపలన్నీ తినేత్తది."

అందుకే చూరు కింద, వేలు మాత్రం పట్టేలా కోశాను.

మర్నాడు సారు దాన్ని ఎత్తి చూశారు. "ఇదేంటమ్మా, ఇల్లా, కోళ్ళ గూడా? మీకు గాలీ వెలుతురూ అక్కర్లేదా?"

క్లాసంతా నవ్వింది. నేను పిల్లి సంగతి చెప్పేలోపే ఆయన కత్తెర దూర్చి కిటికీలన్నీ వెడల్పు చేసేశారు. గోడ చిరిగింది. దాన్ని అలాగే ఎగ్జిబిషన్‌లో పెట్టారు.

బడి గుమ్మం ఎప్పుడూ తొక్కని అమ్మ, గేటు దగ్గర గంప దించి, చూడ్డానికి వచ్చింది. బల్లలన్నీ తిరిగింది. పెద్ద కిటికీల మా ఇంటిని కూడా దాటిపోయింది.

"మనిల్లు ఏదే?"

సారు పక్కనే ఉన్నారు.

"మనది పెట్టలేదమ్మా," అన్నాను.

సారు కత్తెర కంటే, ఆ మాటన్న నా నోరంటేనే నాకు ఇప్పటికీ అసహ్యం.