అత్త కోసిన క్యాలెండరు అట్ట

మొన్న మా మనవరాలు కర్నూల్లో తాను మట్టిపని నేర్చుకుంటున్న చోటికి నన్నూ వెంటబెట్టుకుపోయింది. అక్కడ పిల్లలు మగ్గు కొలతకు ప్రింటు తీసిన కాగితాన్ని మట్టిపలక మీద పరిచి, అంచు వెంట కత్తి నడిపి, చుట్టి, పిడి అతికించి మగ్గులు చేసేస్తుంటే మా అత్త గుర్తొచ్చింది. నా వయసువాళ్లకు వేరే చెప్పాలా, ఆ రోజుల్లో ఇంట్లో అట్ట అంటే పాత క్యాలెండరే.

రాజంపేట పక్క ఊళ్లో కుమ్మరింటికి నేను కోడలినై వెళ్లిన రెండో ఏడు మామకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మా ఆయన మంగంపేట గనుల్లో పనికి పోయేవాడు, కుండలు చేయడం రాదు. ఆడవాళ్లు మట్టి తొక్కొచ్చు, కుండలు కాల్చే ఆవం పేర్చొచ్చు గానీ, కుండలు చేసే చక్రం, అదే సారె మీద చెయ్యి వెయ్యకూడదు, అదీ మా ఇళ్లల్లో కట్టుబాటు. సరిగ్గా అప్పుడే రాజంపేటలో హోటలు పెడుతున్న ఒకాయన స్టీలు గ్లాసు చేతికిచ్చి, ఇంతే టీ పట్టే పిడి మగ్గులు వంద కావాలన్నాడు. మామ గోడవైపు తిరిగి పడుకుని, ఇంక సారె అమ్మేద్దామన్నాడు. మా అత్త మాత్రం సారె లేకుండానే చేసిస్తానని ఒప్పేసుకుంది!

ఆవిడ బుర్రను ఏమని మెచ్చుకోను! బడి మొహం చూడని మనిషి, అడుగు సన్నగా మూతి వెడల్పుగా ఉన్న ఆ గ్లాసును నేల మీద పరిచిన బూడిదలో ఒక్క చుట్టు దొర్లించింది. మూతీ అడుగూ గీసిన రెండు వంపుల మధ్య మగ్గు ఒళ్లంతా విప్పి పరిచినట్టు కనబడింది. దాని ప్రకారం అట్ట కోసింది. నేను అప్పడాల కర్రతో మట్టి ఒత్తడం, ఆవిడ అట్ట పెట్టి కొయ్యడం. ముందు ఇరవై కాల్చి, మురిసిపోతూ తీసుకుపోయాం. హోటలాయన ఒకదాన్ని తిప్పి చూసి, "ఏందమ్మా ఇది, పిల్లోళ్లకు మందు పోసే గిన్నె మాదిరుండాది" అన్నాడు. తల కొట్టేసినట్టయింది. మట్టి ఆరినా కాలినా కుంచించుకుపోతుందని మాకు తెలియక కాదు. సారె మీద మామ చెయ్యి దానంతటదే కాస్త పెద్దగా తీసేది, ఆ లెక్క ఆయన చేతికి తెలుసు గానీ ఏనాడూ నోటికి రాలేదు.

ఇంటికొచ్చి అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. జానెడు మట్టికడ్డీ చేసి, అంతే పొడవు చీపురుపుల్ల తీసుకుని, పుల్ల మీద సమానంగా పది గాట్లు పెట్టింది. కడ్డీని ఆరనిచ్చి, పిడకల్లో కాల్చి పుల్ల పక్కన పెడితే అది తొమ్మిదో గాటు దగ్గరే ఆగిపోయింది. "పదికొగటి తింటాండాది మే అగ్గి, దాని వాటా ముందే ఇచ్చేద్దాం" అని నవ్వి, అన్ని వైపులా ఆ మేరకు పెంచి కొత్త అట్ట కోసింది. వంద మగ్గులూ కొలతకు సరిపోయాయి.

మామ ఆ అట్టను ఎడమచేత్తో అటూ ఇటూ తిప్పి చూసి, "నాకూ ఒగటి కోసియ్యే" అన్నాడు. ఆయన పోయేదాకా ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పనిచేశారు. సారె అమ్మలేదు, తిప్పిన వాళ్లూ లేరు.

ఇప్పుడు ఏ ఇంటి ఆడపిల్లయినా నవ్వుతూ వచ్చి సారె ముందు కూర్చుంటోంది, అడిగేవాళ్లే లేరు, నాకెంతో సంతోషం. మామ పోయాక ఒకనాడు నేనే, ఇంట్లో ఎవరూ లేరు, ఒక్కసారి తిప్పు అత్తా అన్నాను. ఆవిడ చెయ్యి సారె దాకా పోయింది. అంతలోనే వెనక్కి తీసుకుని కొంగులో దాచేసుకుని, "శానా ఆలస్యమైంది లేమ్మే" అంది. ఆ చెయ్యి పట్టుకుని నేనే సారె మీద పెట్టి ఉండాల్సింది.